మధ్యాన్నం పూట పార్కుకి తాళం ఎందుకండీ?

మా అపార్ట్‌మెంట్ నాలుగో ఫ్లోర్ బాల్కనీలోంచి చూస్తే కాలనీ పార్కు మొత్తం కనపడుద్ది. మొత్తం అంటే ఏదో పెద్దదనుకునేరు, ఎకరం కూడా ఉండదు, నిదానంగా నడిచినా మూడు నిమిషాల్లో ఒక రౌండ్ అయిపోద్ది. ఒక పెద్ద నిద్రగన్నేరు, ఐదారు కానుగలు, రెండు వేపలు, గోడ పక్కన ఎవరో సరదాకి గుచ్చిన మునక్కొమ్మ ఇప్పుడు చెట్టై కాయలు కూడా కాస్తంది, ఒక మూల జారుడుబల్ల, ఇంకో మూల ఈమధ్య ప్రతి పార్కులోనూ కనపడే ఆ నీలం పసుపు ఓపెన్ జిమ్ సామాను, అందులో సగం కిర్రుకిర్రుమంటయ్. గేటు దగ్గర ఒక బోర్డు. ఆ బోర్డు సంగతి తర్వాత చెప్తా.

పోయిన ఏప్రిల్లో ఒకరోజు ఆఫీసు కాల్‌లో ఉండి, ఇంట్లోంచే పని లెండి, కెమెరా ఆఫ్ చేసుకుని బాల్కనీలో నిలబడ్డా. టైము ఒంటిగంటన్నర. ఎండ ఎట్టా ఉందంటే రోడ్డు మీద కుక్క కూడా లేదు. పార్కు గోడ బయట మూరెడు నీడ పడుతుంది కదా, ఆ నీడలో ఒక ఫుడ్ డెలివరీ కుర్రాడు బ్యాగు తలకింద పెట్టుకుని గోడకి అతుక్కుపోయి పడుకున్నాడు. కాళ్లు ఎండలోకి జారతన్నయ్, నిద్రలోనే లాక్కుంటన్నాడు, మళ్లీ జారతన్నయ్. గోడకి అటుపక్క, నాలుగడుగుల దూరంలో, నిద్రగన్నేరు కింద చల్లటి నీడ, నాలుగు సిమెంటు బల్లలు, అన్నీ ఖాళీ. గేటుకి తాళం. మా పార్కు టైమింగ్స్ పొద్దున 5 నుంచి 10, సాయంత్రం 4 నుంచి 8.

పదకొండేళ్లుగా ఆ తాళాన్ని చూస్తూనే ఉన్నా. అదేదో సూర్యుడు పొద్దున వస్తాడు సాయంత్రం పోతాడు అన్నంత మామూలుగా అనిపించేది. ఆ రోజు ఆ కుర్రాడి కాళ్లు చూశాక మాత్రం కాల్‌లో ఎవరేం మాట్లాడారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

పార్కు వల్ల లాభాలేంటి అంటే మనందరికీ టక్కున వచ్చే మాట వాకింగ్. వారానికి 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది, అంటే రోజుకి అరగంట చొప్పున ఐదు రోజులు, అది డాక్టర్లు కూడా చెప్తారు, వాట్సాప్‌లో మామయ్యలు కూడా చెప్తారు. నిజమే. కానీ నాకు పార్కు అంటే ఏంటో తెలిసింది వాకింగ్ వల్ల కాదు, మా నాన్న వల్ల.

నాన్నది తెనాలి దగ్గర పల్లెటూరు. 2022లో అమ్మ పోయాక ఒక్కడే అక్కడేం ఉంటాడని నేనే బలవంతంగా హైదరాబాద్ తీసుకొచ్చా. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆయన ఇంట్లో ఉండేది తిండికీ నిద్రకే, మిగతా టైమంతా చెరువుగట్టు, టీకొట్టు, రామాలయం అరుగు. అట్టాంటి మనిషిని తెచ్చి లిఫ్టు ఎక్కించి నాలుగో ఫ్లోర్‌లో కూర్చోబెట్టా. మొదటి రెండు నెలలు టీవీ. రోజుకోసారి కిందకి దిగి గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చేసేవాడు. ఏం నాన్నా అంటే, "ఎవరింటికి పోతామమ్మా, అందరూ తలుపులేసుకునే ఉంటారు" అనేవాడు. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు ఎందుకంటే మా ఎదురు ఫ్లాట్ వాళ్ల ఇంటిపేరు నాకూ తెలీదు.

తర్వాత షుగర్ చూసి డాక్టర్ నడవమన్నాడని పార్కుకి పోవటం మొదలెట్టాడు. మొదటి వారం ఇంటికొచ్చి ఎన్ని రౌండ్లు కొట్టాడో చెప్పేవాడు, ఆరు, ఎనిమిది, ఒకరోజైతే పది. రెండో వారం నుంచి రౌండ్ల లెక్క తగ్గి మనుషుల లెక్క మొదలైంది. ఒకాయన కరీంనగర్ వైపు, ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. ఒకాయనది అనంతపురం, కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఒకాయన బీహార్ నుంచి వచ్చాడంట, ఈయనకి హిందీ రాదు ఆయనకి తెలుగు రాదు, అయినా రోజూ పక్కపక్కనే కూర్చుంటారు, ఏం మాట్లాడుకుంటారో ఆ దేవుడికే తెలియాలి. ఇప్పుడు నాన్న రెండు రౌండ్లు నడుస్తాడు, గంటన్నర కూర్చుంటాడు. షుగర్ తగ్గిపోయిందని అబద్ధం చెప్పను, మందు డోసు మాత్రం పెరగలా. మనిషి మాత్రం మళ్లీ మా నాన్నలా అయ్యాడు.

కరీంనగర్ సారుకీ నాన్నకీ రోజూ ఒకటే గొడవ, బియ్యం. ఒకరోజు కూరగాయలకి వెళ్తూ ఆగి విన్నా. నాన్న అంటాడు, "మీరు తినే బీపీటీ యాడ పుట్టిందనుకున్నావ్, మా బాపట్లలో." ఆయన ఊరుకుంటాడా, "గదంతా పాత ముచ్చట సార్, మా జగిత్యాల సన్నాలు తిని మాట్లాడు నువ్వు" అన్నాడు. ఇద్దరూ చెప్పింది నిజమే, సాంబమసూరి అని మనం తినే బీపీటీ 5204 బాపట్ల రీసెర్చ్ స్టేషన్ వాళ్లు తెచ్చిన వంగడం, జగిత్యాల సన్నాలు అక్కడి స్టేషన్ వాళ్లది. ఆ తర్వాత వారం ఆయన నిజంగానే ఐదు కిలోల సంచి మోసుకొచ్చి మా ఇంట్లో పెట్టి వెళ్లాడు. తిన్నాక నాన్న, "బాగానే ఉన్నయ్, ఆయనకి చెప్పమాక" అన్నాడు.

అసలు విషయం ఇంకోటి. ఒకసారి నాన్నకి జొరం వచ్చి మూడు రోజులు పార్కుకి పోలా. మూడోరోజు సాయంత్రం బెల్ కొడితే తలుపు తీశా, లిఫ్టులోంచి నలుగురు ముసలాళ్లు. "పెద్దసారు మూడు దినాలాయె రాలే, పానం మంచిగలేదా అమ్మా" అని. ఒకాయన చేతిలో బత్తాయిలు. వాళ్లకి మా ఫ్లాట్ నంబర్ తెలీదు, కింద వాచ్‌మన్‌ని "తెనాలాయన ఇల్లెక్కడ" అని అడిగి వచ్చారంట. పదకొండేళ్లలో మా ఇంటికి పిలవకుండా పలకరింపుకొచ్చిన మొదటి మనుషులు వాళ్లే. నేను టీ పెట్టటానికి వంటింట్లోకి పోయి కాసేపు అక్కడే నిలబడిపోయా.

సరే, తాళం దగ్గరికి వస్తా.

ఆ డెలివరీ కుర్రాణ్ని చూశాక నేను మధ్యాన్నాలు కిందకి చూడటం మొదలెట్టా. చూస్తే తెలిసిందేంటంటే 11 నుంచి 4 మధ్యలో మా వీధిలో కూర్చోటానికి చోటు లేక తిరిగేవాళ్లు బోలెడంతమంది. మా ఇంట్లో పనిచేసే ఆవిడే ఉంది, పొద్దున నాలుగు ఇళ్లు చేసుకునేసరికి పదకొండున్నర అవుద్ది, మళ్లీ గిన్నెలకి మూడున్నరకి రావాలి, ఇల్లేమో రెండు బస్సులు మారితే గానీ రాదు. మధ్యలో నాలుగ్గంటలు ఎక్కడుంటున్నావు అని ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా అడగలా. అడిగితే, "సెల్లార్ల మెట్ల మీద కూసుంట మేడం, ఎవరన్నా కారు తీస్తే లేస్త" అంది. అన్నం అక్కడే. మరి బాత్రూమ్? దానికి ఆవిడ నవ్వింది అంతే. పొద్దున్నుంచీ నీళ్లు తక్కువ తాగుద్దంట. మా పార్కులో లేడీస్ టాయిలెట్ ఉంది, టైల్స్ వేసి నీళ్ల కనెక్షన్ ఇచ్చి మరీ కట్టారు, అది కూడా తాళం లోపలే.

వీళ్లే కాకుండా రోడ్లు ఊడ్చే వాళ్లు, కొరియర్ వాళ్లు, సెక్యూరిటీ నైట్ డ్యూటీ అయ్యాక రూములో ఫ్యాన్ లేక నిద్రపట్టని వాళ్లు, స్కూల్ వదిలాక అమ్మ పని అయ్యేదాకా ఎదురుచూసే వాచ్‌మన్ పిల్లలు. పొద్దునా సాయంత్రం వచ్చే మాలాంటి వాళ్లకి ఇంట్లో ఏసీ ఉంది, సోఫా ఉంది, బాల్కనీ ఉంది. అంటే ఎవరికి పార్కు తప్ప ఇంకో దిక్కు లేదో సరిగ్గా వాళ్లు వచ్చే టైముకే మనం తాళం వేస్తన్నాం.

ఒకరోజు వాచ్‌మన్‌ని బతిమాలి ఆ టైములో నేనూ నాన్నా లోపలికి పోయి చూశాం. గేటు దగ్గర ఇనప రాడ్డు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. ఓపెన్ జిమ్ సీటు మీద కూర్చుంటే ఇంతే సంగతులు. కానీ నిద్రగన్నేరు కిందకి వెళ్లేసరికి వేరే ఊరొచ్చినట్టుంది. సిమెంటు బల్ల మీద అరచెయ్యి పెడితే చల్లగా కాదుగానీ గోరువెచ్చగా, నిద్రొచ్చేంత హాయిగా ఉంది. నీడ ఒక్కటే కాదు కదా, చెట్టు ఆకుల్లోంచి నీటిని ఆవిరిగా వదుల్తుంది, ఆ ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటది, కుండలో నీళ్లు చల్లబడేది కూడా ఇట్టాగే. మన అపార్ట్‌మెంట్ గోడలూ సిమెంటు రోడ్లూ పగలంతా వేడి తాగి రాత్రంతా కక్కుతుంటయ్, అందుకే రాత్రి పదింటికి కూడా బాల్కనీలో సెగ. పార్కు వైపు గది కిటికీ తీసి పడుకోవచ్చు, రోడ్డు వైపు గదిలో పడుకోలేం, మా ఇంట్లోనే ఆ తేడా తెలుస్తది.

నాన్న బోర్డు ముందు నిలబడి గట్టిగా చదివాడు. పూలు కోయరాదు. గడ్డిపై నడవరాదు. బల్లలపై పడుకొనరాదు. ఆటలు ఆడరాదు. తినుబండారములు తేరాదు. గుంపులుగా కూర్చొనరాదు. పెంపుడు జంతువులకు ప్రవేశం లేదు. అంతా చదివి, "మరి ఏం చెయ్యొచ్చో కూడా ఒక లైను రాస్తే బాగుండేది గదయ్యా" అన్నాడు. వాచ్‌మన్‌కి నవ్వాగలా.

ఆ వచ్చే ఆదివారం అసోసియేషన్ మీటింగ్ ఉంటే నేను విషయం ఎత్తా. మధ్యాన్నం కూడా తెరిచి ఉంచుదాం అని అంతే అన్నా. ఒక్కసారిగా అందరూ మీద పడ్డారు. లవర్స్ వస్తారు. పేకాట ఆడతారు. తాగుతారు. బయటోళ్లు వస్తారు. పిల్లలకి సేఫ్టీ ఉండదు. ఒకావిడ అయితే "మన పార్కులో ఎవరెవరో పడుకుంటే ఏం బాగుంటది చెప్పండి" అంది.

ఆ "మన" దగ్గరే నాకు కాస్త కాలింది. ఎవరిది ఈ పార్కు? మన రెండు రాష్ట్రాల్లోనూ లేఅవుట్ వెయ్యాలంటే స్థలంలో 10 శాతం ఓపెన్ స్పేస్‌గా వదిలి లోకల్ బాడీకి అప్పగించాలి, అది రూలు. ఎల్ఆర్ఎస్, అంటే పర్మిషన్ లేని లేఅవుట్లని రెగ్యులర్ చేసే స్కీము, దాంట్లో డబ్బు కట్టిన వాళ్లకి బాగా తెలుసు, అట్టా స్థలం వదలని లేఅవుట్లో ప్లాటు కొన్న పాపానికి ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీలని 2020 స్కీములో వేశారు. కాబట్టి ఇది అసోసియేషన్ ఆస్తి కాదు, మనం చూసుకుంటున్నాం అంతే, ఊడ్పిస్తన్నాం, నీళ్లు పోయిస్తన్నాం. చూసుకోటం కూడా మంచిదే, ఎందుకంటే పట్టించుకోకపోతే ఆ 10 శాతం కాయితం మీదే ఉండి, స్థలంలో ముందు ఒక రేకుల షెడ్డు, తర్వాత ఒక గుడి, తర్వాత రెండంతస్తుల బిల్డింగ్ లేచిన కాలనీలు హైదరాబాద్‌లో తక్కువేం కాదు. 2024లో ఆక్రమణలు తొలగించటానికి హైడ్రా అనే సంస్థ వచ్చాక ఇట్టాంటి పార్కు స్థలాలు బయటపడటం రోజూ వార్తల్లో చూస్తన్నాం. బెంగుళూరులో అయితే పార్కుకని ఉంచిన స్థలాన్ని ప్రైవేట్ నర్సింగ్ హోమ్‌కి ఇచ్చేస్తే అక్కడి కాలనీ వాళ్లు సుప్రీంకోర్టు దాకా పోయారు, 1991లో కోర్టు వాళ్ల పక్షానే తీర్పు చెప్పింది, ఆస్పత్రి మంచిదే గానీ పార్కు స్థలంలో కాదు అని. అంత కష్టపడి కాపాడుకున్నది రోజుకి ఆరుగంటలు తాళమేసి చూసుకోటానికా? నేను ఇదంతా మీటింగ్‌లో ఇంత పద్ధతిగా చెప్పలేదు లెండి, సగం తడబడ్డా, ఇంటికొచ్చాక గుర్తొచ్చినవే ఎక్కువ.

వాళ్ల భయాల్లో అర్థం లేదని మాత్రం అనను. డిసెంబర్ 31 తర్వాత రోజు మునగచెట్టు కింద సీసాలు దొరికిన మాట నిజమే. కానీ అవి గేటు తాళమేసి ఉన్నప్పుడు గోడదూకి వచ్చిన వాళ్లవి. నాన్న అదే అన్నాడు మీటింగ్‌లో, "చెడ్డపని చేసేవాడికి ఖాళీ చోటు కావాలి గానీ మనుషులున్న చోటు ఎందుకండీ, నలుగురు కూర్చుని ఉంటే వాడే లేచిపోతాడు." లవర్స్ గురించి కరీంనగర్ సారు భార్య అన్న మాటకి మాత్రం మీటింగ్ మొత్తం నవ్వింది, "వాళ్లు గూడ మన పిలగాండ్లే గద, ఇంట్ల కూసోనియ్యరు, పార్కుల కూసోనియ్యరు, యాడికి పోవాలె?"

ఇంటికి నడుస్తూ నాన్న ఒక సంగతి చెప్పాడు, నాకు అంతవరకూ తెలీదు. 1975లో ఏదో ఉద్యోగం ఇంటర్వ్యూకి హైదరాబాద్ వచ్చాడంట. రాత్రి బండెక్కి పొద్దున్నే నాంపల్లిలో దిగాడు. ఇంటర్వ్యూ మూడింటికి. స్టేషన్లో మొహం కడుక్కుని చొక్కా మార్చుకుని ఇడ్లీ తిని ఇంక ఎక్కడికి పోవాలో తెలీక పక్కనే ఉన్న పబ్లిక్ గార్డెన్స్‌లోకి పోయాడు. చెట్టుకింద సర్టిఫికెట్ల ఫైలు తలకింద పెట్టుకుని పడుకుంటే నిద్రపట్టేసింది. ఎవరూ లేపలా. లేచేసరికి ఒకటిన్నర, పక్కన ఇంకో ఇద్దరు కుర్రాళ్లు వాళ్ల ఫైళ్ల మీద తలపెట్టుకుని పడుకుని ఉన్నారంట, వాళ్లూ ఇంటర్వ్యూకే. ఉద్యోగం ముగ్గురికీ రాలా, అది వేరే సంగతి. "ఆ రోజు ఆ తోట లేకపోతే నేను ఆ మూడింటి దాకా బతికేవాణ్ని కాదమ్మా, ఊరంటేనే భయమేసింది" అన్నాడు.

ఆ పబ్లిక్ గార్డెన్స్‌ని 1846లో నిజాం కాలంలో వేశారు, దానికి పాత పేరు బాగే ఆమ్. బాగ్ అంటే తోట, ఆమ్ అంటే జనం అందరిదీ అని. రాజుల కాలంలో వేసిన తోటకే ఆ పేరు పెట్టారు! ఒకప్పుడు అక్కడే జూ కూడా ఉండేది, 1963లో నెహ్రూ జూపార్కు తెరిచాక జంతువులన్నీ బహదూర్‌పురా పోయినయ్. అసెంబ్లీ, మ్యూజియం, బాలభవన్ అన్నీ ఆ కాంపౌండ్‌లోనే. చిన్నప్పుడు మమ్మల్ని హైదరాబాద్ తీసుకొచ్చినప్పుడల్లా నాన్న చార్మినార్ కన్నా ముందు అక్కడికి ఎందుకు తీసుకుపోయేవాడో నాకిప్పుడు అర్థమైంది.

నాన్న ఆ ఇంటర్వ్యూకి వచ్చిన 1975లోనే దోమల్‌గూడలో ఇందిరా పార్కుకి అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేశాడు, 76 ఎకరాలు, 78లో జనానికి తెరిచారు. ఆ పార్కు పేరు చెప్తే మనకి వాకింగ్ కన్నా ముందు ధర్నా చౌక్ గుర్తొస్తది. టీచర్లు, అంగన్‌వాడీలు, రైతులు, నిరుద్యోగులు ఎవరు టెంటు వేసినా అక్కడే. 2017లో దాన్ని ఊరి బయటికి మార్చాలనుకున్నప్పుడు చుట్టుపక్కల వాళ్లకీ వాకర్స్‌కీ ఇబ్బంది అనేది కూడా ఒక కారణంగా చెప్పారు, పెద్ద గొడవే అయింది, 2018లో హైకోర్టు మళ్లీ అక్కడ ధర్నాలకి పర్మిషన్ ఇచ్చింది. ఇబ్బంది లేదని నేననను, మైకుల మోత వినలేం. కానీ వాకింగ్ షూ వేసుకున్న వాళ్లే పార్కుకి అసలు హక్కుదార్లు అనే లెక్క అక్కడా ఉంది, మా కాలనీలోనూ ఉంది. కేబీఆర్ పార్కు సంగతి వేరు, అది నేషనల్ పార్కు, అడవి, నెమళ్లకి కూడా కాస్త మనశ్శాంతి కావాలి, అక్కడ గేటు వేస్తే నాకేం అభ్యంతరం లేదు. మా పార్కులో ఏముంది, ఉడతలు తప్ప.

ఇంకో కడుపుమంట కూడా ఇక్కడే కక్కేస్తా. రెండేళ్ల క్రితం పార్కు అభివృద్ధి అని ఒక కాంట్రాక్టర్ వచ్చాడు. అభివృద్ధి అంటే ఏం చేశారంటే ఉన్న మట్టిదారి తీసేసి సిమెంటు పలకలు పరిచారు, కానుగ మొదలు చుట్టూ కూడా గొంతు దాకా సిమెంటు పోశారు, ఒక ఫౌంటెన్ కట్టారు అది ప్రారంభోత్సవం రోజు అరగంట ఎగిరింది మళ్లీ ఎగరలా, ఇప్పుడు దాంట్లో దోమలు. గేటు పక్కన ఐ లవ్ అని ఎర్ర గుండె బొమ్మతో పెద్ద పెద్ద అక్షరాలు. పాత మట్టిదారి ఉన్నప్పుడు వాననీళ్లు గంటలో ఇంకిపోయేవి, ఇప్పుడు మూడు రోజులు నిలుస్తన్నయ్, ఎండాకాలం మా బోరేమో ముక్కుతూ మూలుగుతూ పోస్తది. మోకాళ్ల నొప్పులున్న ముసలాళ్లకి కూడా మట్టి మీద నడకే సుఖం. మేమందరం కలిసి గునపం తెచ్చి కానుగ చుట్టూ ఆ సిమెంటు పగలగొట్టాం, మూడు ఆదివారాలు పట్టింది. అడగాల్సిన వాళ్లు ఎవరూ వచ్చి అడగలా.

ఆ గునపం పని చేసినప్పుడే అనుకుంటా ఎదురు ఫ్లాట్ వాళ్ల ఇంటిపేరు తెలిసింది నాకు. ఆయనకి చేతులు బొబ్బలెక్కితే వాళ్లావిడ మజ్జిగ తెచ్చింది అందరికీ.

బతుకమ్మ సంగతి కూడా చెప్పాలి. అంతకుముందు మా అపార్ట్‌మెంట్ బతుకమ్మ సెల్లార్లో కార్ల మధ్య, పక్క అపార్ట్‌మెంట్ వాళ్లది వాళ్ల సెల్లార్లో. మూడేళ్ల నుంచి అందరూ పార్కులోకి తెస్తన్నారు. గునుగు, తంగేడు, బంతి, వరసలు వరసలుగా పేర్చిన బతుకమ్మలు నిద్రగన్నేరు కింద మధ్యలో పెట్టి చుట్టూ తిరుగుతుంటే, నేను గుంటూరుదాన్ని, మొదటి ఏడాది గట్టుమీద కూర్చుని ఫోన్లో వీడియో తీశా. కరీంనగర్ సారు భార్య వచ్చి ఫోన్ లాక్కుని, "వీడియో తర్వాత తీద్దువు గానీ రా, చప్పట్లు కొట్టుడు వస్తది గద" అని లాక్కుపోయింది. వంగి చప్పట్లు కొట్టి అడుగెయ్యటంలో ఆ లెక్క నాకు రెండో ఏడాది గానీ పట్టుబడలా. మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూడా వాళ్ల అమ్మాయిని తీసుకుని వచ్చింది, తను పేర్చిన బతుకమ్మ ముందు మాది చిన్నపిల్లల బొమ్మలా ఉంది. ఆ సాయంత్రం ఎవరి ఫ్లాట్ ఎవరిదో ఎవరింట్లో ఎవరు పనిచేస్తారో చూసేవాళ్లకి అర్థం కాదు. మర్నాడు మళ్లీ మామూలే అనుకోండి, ఆవిడ సెల్లార్ మెట్ల మీదే.

అందుకే ఈ పోయిన మీటింగ్‌లో నేను పట్టు వదల్లా. గంటన్నర వాదన అయ్యాక ట్రయల్ అని ఒప్పుకున్నారు, మే, జూన్ రెండు నెలలు మాత్రం, మధ్యాన్నం కూడా తెరిచి ఉంచాలి, టాయిలెట్‌తో సహా, ఏదన్నా గొడవైతే ఆ రోజే బంద్, బాధ్యత నాది. రాసి సంతకం కూడా పెట్టించుకున్నారు నా చేత, బ్యాంకు లోను లాగా.

మొదటి వారం ఎవరూ రాలా. గేటు తీసే ఉన్నా బయట గోడ నీడలోనే కూర్చున్నారు. అలవాటు అట్టాంటిది. నాన్న గొడుగేసుకుని కిందకి దిగి, "ఏం అబ్బాయ్, లోపల కూర్చోవచ్చు, రండి" అని ఒక్కొక్కణ్నీ పిలిచాడు. "ఎవరన్నా ఏమన్నా అంటారేమో సార్" అన్నాడంట ఒకడు. "అంటే నా పేరు చెప్పు" అన్నాడంట ఈయన. పార్కులో ఈయనకి పేరేం లేదు, తెనాలాయన అనే. అదే చెప్పారేమో మరి.

రెండో వారానికి ఐదారుగురు డెలివరీ కుర్రాళ్లు, ఒక చెవి ఫోన్ మీదే, ఆర్డర్ మోగితే నిద్రలోంచే లేచి పరిగెత్తుతారు. మా ఇంట్లో పనిచేసే ఆవిడా, ఇంకో ముగ్గురు పనివాళ్లూ వేపచెట్టు కింద డబ్బాలు తెరుచుకుని ఒకరి కూర ఒకరు వేసుకుంటూ. ఒక డిగ్రీ పిల్లాడు కానిస్టేబుల్ పరీక్షకి పుస్తకం పెట్టుకుని. ఒక జంట కూడా వచ్చింది, నిజమే, చివరి బల్ల మీద కూర్చుని రెండు గంటలు ఏదో బ్యాంకు లోను గురించి పోట్లాడుకుని వెళ్లిపోయారు, పెళ్లయిన వాళ్లే అనుకుంటా. వాచ్‌మన్ పిల్లలు జారుడుబల్ల కాలుతుంటే దానిమీద నీళ్లు పోసి జారటం కనిపెట్టారు. పెద్ద గొడవ ఏదీ అవలా. చిన్న గొడవ అయింది, ఎవరో మునక్కాయలు కోసేశారని. తర్వాత తెలిసింది కోసింది మా సెక్రటరీ గారి అత్తగారేనని.

జూన్ 30తో ట్రయల్ అయిపోయింది. జూలై ఒకటిన వాచ్‌మన్ పది గంటలకి తాళం వేద్దామని చూస్తే తాళం లేదు. గేటుకి ఎప్పుడూ వేలాడుతూ ఉండే పెద్ద ఇత్తడి తాళం, చెవితో సహా. గ్రూపులో మెసేజ్ పెట్టారు, ఎవరన్నా చూశారా అని, ఒక యాభై మంది లేదు లేదు అని రిప్లై ఇచ్చారు. కొత్త తాళం కొనటానికి అసోసియేషన్ తీర్మానం కావాలంట, మీటింగ్‌కి కోరం కుదరట్లేదు, మూడు నెలలైంది.

నాన్నని అడిగితే, "నాకేం తెలుసమ్మా, నేను రెండు రౌండ్లు నడిచి వచ్చేవాణ్ని" అంటాడు. కరీంనగర్ సారుని అడిగితే బియ్యం గురించి మాట్లాడతాడు.